యంత్రం వేసిన ప్రయాణం

మా స్నేహితులం ఎనమండుగురం. 1980లో కాకినాడలో ఇంటర్మీడియెట్ చదువుకొనే రోజుల్లో ఒక మేడమీద రెండు గదులు అద్దెకు తీసుకొని కలిసి ఉండేవాళ్ళం. తరవాత ఒకడు డాక్టరయ్యాడు, ఒకడు ప్లీడరయ్యాడు, ఇద్దరు బ్యాంకిలో చేరారు, ఒకడు లెక్కల మాస్టరయ్యాడు. మిగిలిన ముగ్గురం ఇంజనీర్లమయినాం. ఎవరు ఏమైనా, ఎక్కడ ఉన్నా, సంక్రాంతి వెళ్ళగానే విశాఖపట్నంలో ఒక పూట కలుసుకోవడం మాత్రం మానలేదు.

ఆ మేడమీది గదిలోనే ఒక రాత్రి మా లెక్కలవాడు లైబ్రరీ నుంచి తెచ్చిన ఇంగ్లీషు బొమ్మల పత్రిక ఒకటి ముందు పెట్టుకొని, "ఒరేయ్, స్కాట్లండులో ఒక ఆటమైదానం ఉందిరా! అందులో రెండో గుంటా పదహారో గుంటా ఒకే పచ్చికమీద ఉంటాయిట. మూడోదీ పదిహేనోదీ ఒకచోట. నాలుగోదీ పద్నాలుగోదీ ఒకచోట. ఏ జత కూడినా పద్ధెనిమిదే!" అన్నాడు.

మాలో ఎవరమూ అప్పటికి గోల్ఫు ఆటను కళ్ళతో చూడలేదు.

"ఎప్పటికైనా అది చూడాలిరా," అన్నాడు వాడు.

"చూద్దాం లేరా. ముందు దీపం ఆర్పు," అన్నాం మేము. మర్నాడు పరీక్ష ఉంది మరి!

దీపం ఆర్పి నలభై అయిదేళ్ళయింది. ఈ మధ్యకాలంలో మేమంతా ఒకరి తరవాత ఒకరం గోల్ఫు నేర్చుకొన్నాం. మొదట డాక్టరు నేర్చుకొన్నాడు. వాడు ఒకసారి మాస్టరును కూడా విశాఖపట్నం మైదానానికి తీసుకుపోయాడు. మిగిలినవాళ్ళం వాళ్ళిద్దరినీ చూసి మొదలుపెట్టాం. మాలో బాగా ఆడేవాడు మాస్టరే. బలంవల్ల కాదు, లెక్కవల్ల.

ఈ ఆట చూడనివాళ్ళకు రెండు మాటలు చెప్పాలి. పొడుగాటి కర్రతో చిన్న బంతిని కొట్టి, దూరాన ఉన్న గుంటలో పడవెయ్యడమే గోల్ఫు. గుంట వెడల్పు 10.8 సెంటీమీటర్లు, అంటే మన మంచినీళ్ళ చెంబు మూతికన్నా పెద్ద తేడా ఉండదు. గుంట చుట్టూ తివాసీలాగా కత్తిరించిన పచ్చిక ఉంటుంది. పెద్ద మైదానంలో ఇటువంటి గుంటలు పద్ధెనిమిది. అన్నింటిలోనూ వరసగా బంతిని వేసుకొంటూ వెళ్ళాలి. ఎవరు తక్కువ దెబ్బలతో పూర్తిచేస్తే వాళ్ళది గెలుపు. బంతి బరువు 45.93 గ్రాములు మించకూడదు. దానిమీద మశూచి మచ్చల్లా చిన్నచిన్న గుంటలుంటాయి. నున్నగా ఉంటే ఇంకా దూరం పోతుందని మీరనుకోవచ్చు, నేనూ అట్లాగే అనుకొన్నాను. కాని ఆ మచ్చలవల్ల గాలి బంతిని అంటిపెట్టుకొని జారిపోతుంది, వెనక్కి లాగడం తగ్గుతుంది. అందుచేత మచ్చల బంతే దూరం పోతుంది.

మా లెక్కలవాడు చెప్పిన మైదానం సెయింట్ ఆండ్రూస్ అనే చిన్న ఊళ్ళో ఉంది. దానిని ఓల్డ్ కోర్సు అంటారు. అక్కడ కొన్ని వందల ఏళ్ళుగా ఈ ఆట ఆడుతున్నారు. మొదట ఒక ఆటకు ఇరవైరెండు గుంటలుండేవి. 1764లో వాటిని పద్ధెనిమిదికి తగ్గించారు. తక్కిన లోకమంతా తరవాత ఆ లెక్కనే పట్టుకొంది.

2025 సంక్రాంతికి మేము కలుసుకొన్నప్పుడు డాక్టరు ఆ పాతమాట ఎత్తాడు. "అందరికీ అరవై దాటాయి. ఇంకా ఎప్పుడు చూస్తాం? జూన్‌లో పోదాం," అన్నాడు. అందరూ చేతులెత్తారు. మాస్టరు కూడా ఎత్తాడు. ఏర్పాట్ల పెత్తనం నాకు అంటగట్టారు.

పెత్తనమంటే బాగానే ఉంటుంది గాని, ఎనమండుగురికి విమానాలు, రైళ్ళు, బసలు, భోజనాలు, ఆట వేళలు అన్నీ కుదర్చాలంటే తల ప్రాణం తోకకొస్తుంది. వారం రోజులు కాగితాలు నింపి చించాను. ఇదంతా చూస్తున్న మా మనుమరాలు, ఏడో తరగతి చదువుతోంది, "తాతయ్యా, ఎందుకీ అవస్థ? ఏఐని అడగరాదూ?" అంది.

ఏఐ అంటే కృత్రిమ మేధ అని మీకందరికీ తెలుసు. మనం ఒక మాట రాసి పంపితే అది జవాబు రాసి పంపే యంత్రం. మనం రాసి పంపేదాన్ని ప్రాంప్టు అంటారు. ఈ మాట నాకు కొత్తది కాదు. మా చిన్నప్పుడు ఊళ్ళో పౌరాణిక నాటకాలు వేసేవాళ్ళు. తెర పక్కన నాటకం పుస్తకం పట్టుకొని ఒకాయన కూచుని, వేషగాడు మాట మరిచిపోతే మెల్లిగా అందించేవాడు. ఆయన్ని ప్రాంప్టరు అనేవాళ్ళం. ఆయన రెండు మాటలు అందిస్తే చాలు, వేషగాడు అందుకొని రాగాలు తీసేవాడు. ఒకసారి మా ఊళ్ళో ఆయన పొరపాటున రెండు పేజీలు కలిపి తిప్పేశాడు. కృష్ణుడు రాయబారం చెప్పకుండానే కౌరవసభ నుంచి లేచి వెళ్ళిపోయాడు!

ఇప్పుడు తెరపక్కన కూచున్నది నేను. నేనందించిన మొదటి మాట ఇది: "ఎనమండుగురు స్నేహితులకు స్కాట్లండులో ఏడు రోజుల గోల్ఫు యాత్ర పథకం వెయ్యి. ఓల్డ్ కోర్సు ఉండాలి."

కన్ను మూసి తెరిచేలోగా పథకం వచ్చిపడింది. ఎంత అందంగా ఉందని! రోజుకొక శీర్షిక, గంటగంటకూ కార్యక్రమం, ఖర్చుల పట్టిక కూడాను. ఆరు మైదానాల్లో ఆట. ఒకరోజున పొద్దున పద్ధెనిమిది గుంటలు, మధ్యాహ్నం పద్ధెనిమిది. రాత్రి సారా బట్టీల సందర్శనం. ఎడింబరో నుంచి రైలెక్కి సెయింట్ ఆండ్రూస్ స్టేషన్లో దిగవలసిందని, ఆదివారం ఉదయం తొమ్మిదింబావుకు ఎనమండుగురమూ ఓల్డ్ కోర్సులో మొదటి దెబ్బ కొట్టవలసిందని రాసి ఉంది.

నేను మురిసిపోయి దాన్ని పైకి చదివాను. మనుమరాలు విని, "బాగుంది, తాతయ్యా. కాని ఈ ఎనమండుగురూ ఎవరు?" అంది.

"మేమే గదా?"

"మీరు కాదు. మీలో తాగేవాళ్ళెవరూ లేరుగా? ఒకరోజున ముప్ఫైఆరు గుంటలు ఆడతారా మీరు?"

అది నిజమే. ఆ పథకం ఎవరో ఎనమండుగురికి సరిగ్గా సరిపోతుంది. వాళ్ళకు ముప్ఫై ఏళ్ళుంటాయి, డబ్బుకు లోటుండదు, మోకాళ్ళు గట్టివి.

యంత్రం ఎందుకిట్లా చేసింది? "అడగందే అమ్మయినా..." అని నేను ఆపేస్తే, తరవాత మాట మీరు ఠక్కున చెప్పేస్తారు కదూ? ఆ సామెత మీరు చాలాసార్లు విన్నారు గనక మిగతాది దానంతటదే నోటికి వస్తుంది. యంత్రం పని కూడా దాదాపు ఇదే. లెక్కలేనన్ని పుస్తకాలూ పత్రికలూ దానిచేత చదివించారు. ఏ మాట తరవాత ఏ మాట రావడానికి అవకాశం హెచ్చో అది నేర్చుకొంది. గోల్ఫు యాత్ర అనగానే, గోల్ఫు యాత్రల గురించి లోకంలో జనం హెచ్చుగా రాసినదాన్ని అల్లి ఇస్తుంది. నేను చెప్పనిచోట్లన్నీ అది ఎవరెవరి సంగతులతోనో నింపింది. ఖాళీగా వదిలెయ్యడం దానికి తెలియదు కాబోలు.

"పథకం వేసేముందు నీకు ఏమేమి తెలియాలో నన్నే అడుగు అని రాయి, తాతయ్యా," అంది మనుమరాలు. ఈ సలహా దానికెవరిచ్చారో గాని, నేను విన్న సలహాల్లో ఇంత పనికొచ్చింది తక్కువ. అట్లాగే రాశాను. యంత్రం పదకొండు ప్రశ్నలు అడిగింది.

ఒక్కొక్కరూ ఎంత ఖర్చు పెట్టుకోగలరు? ఎంతదూరం నడవగలరు? ఎవరికైనా జబ్బులున్నాయా? ఎవరు ఏమి తినరు? ఎవరు ఎన్నాళ్ళు ఇల్లు వదిలి ఉండగలరు? ఎవరి ఆట ఏ స్థాయిది? ఎవరైనా ఇదివరకు ఆ దేశం వెళ్ళారా? ఈ యాత్రలో ఎవరికి ఏది అన్నిటికన్నా ముఖ్యం? ఇట్లా ఉన్నాయి.

నేను కలం తీసుకొని కూచున్నాను. పదకొండింటిలో మూడింటికే జవాబు రాయగలిగాను. ఆ మూడు కూడా తిండి సంగతులు, విమానం సంగతులు. మిగతావాటి దగ్గర కలం ఆగిపోయింది. నలభై అయిదేళ్ళ స్నేహం! వాళ్ళకు ఏ పాటలంటే ఇష్టమో, ఎవడు నిద్రలో పలవరిస్తాడో తెలుసు. 1980 నాటి సంగతులన్నీ తెలుసు. 2025 నాటివే తెలియవు.

మర్నాటినుంచి ఒక్కొక్కరికే టెలిఫోను చెయ్యడం మొదలుపెట్టాను. డాక్టరు భార్యకు ఒంట్లో బాగులేదు, ఆయన ఎనిమిది రోజులకు మించి బయట ఉండలేడు. ఈ సంగతి యాత్ర తలపెట్టినవాడే మాకు చెప్పలేదు! బ్యాంకివాళ్ళలో ఒకడికి చక్కెర జబ్బు, వేళకు భోజనం పడాలి. డబ్బు సంగతి ముఖాముఖీ అడిగితే ఎవరూ నిజం చెప్పరని, దానికి మనుమరాలే ఉపాయం చెప్పింది. ఒకే రకం కార్డులు ఎనిమిది పంపించి, పేరు రాయకుండా అంకె ఒక్కటే రాసి తపాలాలో వెయ్యమన్నాను. ఎనిమిదీ వచ్చాయి. ఒక కార్డుమీద ఉన్న అంకె మిగతావాటిలో సగం కూడా లేదు. అది ఎవరిదో నాకు ఇప్పటికీ తెలియదు, తెలుసుకొనే ప్రయత్నమూ చెయ్యలేదు. ఆ అంకెనే కొలతగా పెట్టుకొన్నాను.

మాస్టరు మాత్రం టెలిఫోనులో అన్నిటికీ "నాకేం పరవాలేదురా," అని ఒకటే జవాబు చెప్పాడు. వాడి గొంతు నాకు నచ్చలేదు. అనకాపల్లి బస్సెక్కాను.

నేను వెళ్ళేసరికి వాడు వీధి అరుగుమీద చేతికర్ర ఊతగా మెల్లిగా మెట్లు దిగుతున్నాడు. నన్ను చూసి కర్రను గోడచాటుకు పెట్టబోయాడు.

"ఎప్పటినుంచిరా?" అన్నాను.

"రెండేళ్ళయింది. మోకాలు అరిగిపోయిందన్నారు. ఆగి ఆగి నడిస్తే రెండు కిలోమీటర్లు నడవగలను."

అప్పుడు నాకు సంక్రాంతినాటి సంగతి జ్ఞాపకం వచ్చింది. మేమందరం వెళ్ళేసరికే వాడు వచ్చి కుర్చీలో కూచుని ఉన్నాడు. మేము లేచి వెళ్ళేదాకా అట్లాగే కూచుని ఉన్నాడు. మాస్టరు కదా, వేళ తప్పడు అనుకొన్నాను. వాడు నడవడం మేము చూడకూడదని అందరికన్నా గంట ముందు వచ్చాడన్నమాట!

"చెబితే మీరు ప్రయాణం మానేస్తారు. నేను ఆడకపోతేనేం? ఆ లెక్క నిజమో కాదో కళ్ళతో చూస్తే చాలు," అన్నాడు వాడు.

ఆ రాత్రి మళ్ళీ యంత్రం ముందు కూచున్నాను. ఈసారి ప్రాంప్టు ఒకటిన్నర పేజీ అయింది. మనుమరాలు దాన్ని చదివి, "పేర్లు తీసెయ్యి, తాతయ్యా. వాళ్ళ జబ్బులూ డబ్బులూ పేర్లతో సహా యంత్రానికి చెప్పకూడదు," అంది. అందుచేత పేర్లు కొట్టేసి అ, ఆ, ఇ, ఈ, ఉ, ఊ, ఎ, ఏ అని పెట్టాం. మాస్టరు "ఏ" అయ్యాడు. "ఏ ఆడలేడు, రెండు కిలోమీటర్లకు మించి నడవలేడు, కాని ఈ యాత్ర వాడి కోసమే," అని కూడా రాశాను.

రెండో పథకం మొదటిదానికన్నా ఎంతో మేలు. ఆరు మైదానాలు మూడయ్యాయి. సారా బట్టీలు పోయాయి. వేళకు భోజనాలు వచ్చాయి. ఖరీదైన హోటళ్ళకు బదులుగా, సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంవాళ్ళు వేసవి సెలవుల్లో విద్యార్థుల గదులు అద్దెకిస్తారని చెప్పింది. ఆ విశ్వవిద్యాలయం 1413 నాటిది. కాని "ఏ" అనేవాడి పేరు ఎదుట ప్రతిరోజూ ఒకటే మాట ఉంది: "గదిలో విశ్రాంతి."

"విశ్రాంతి తీసుకోవడానికి అనకాపల్లి చాలదా?" అని మనుమరాలికి కోపం వచ్చింది. అది నన్ను జరగమని, తనే రాసింది: "గోల్ఫు ఆడకుండా, రెండు కిలోమీటర్లు మాత్రమే నడిచే మనిషి ఓల్డ్ కోర్సును దగ్గరగా ఎట్లా చూడగలడు? రెండో గుంటా పదహారో గుంటా ఉన్న పచ్చిక చూడాలి."

ఆ ప్రశ్నకు వచ్చిన జవాబులో రెండు ముఖ్యమైన సంగతులున్నాయి. ఒకటి, మైదానం పక్కనే హిమాలయాలు అనే పచ్చిక ఉందిట! అంతా గుట్టలూ పల్లాలూ. అక్కడ దూరం కొట్టనక్కరలేదు, బంతిని మెల్లిగా దొర్లించి గుంటలో వేస్తే సరి. 1867లో స్త్రీలు పెట్టుకొన్న సంఘంవారిది. రెండోది, ఆదివారంనాడు ఓల్డ్ కోర్సులో సాధారణంగా ఆట ఉండదు, ఆ రోజు ఊరివాళ్ళందరూ అక్కడ షికారు తిరుగుతారు, ఎవరైనా వెళ్ళి నడవవచ్చు.

మనుమరాలు కుర్చీలోంచి లేచింది. "తాతయ్యా! మొదటి పథకంలో ఆదివారం పొద్దున్న మీరంతా ఆడతారని రాసింది గదా? ఆట లేనిరోజున ఎట్లా ఆడతారు? రెండూ నిజం కావు!"

నా గుండె జారిపోయింది. మొదటి పథకాన్ని నమ్ముకొని మర్నాడు విమానం టిక్కెట్లు కొనబోతున్నాను. దాని ప్రకారం మేము శనివారం రాత్రి ఊరు చేరి, ఆదివారం ఆడి, సోమవారం పొద్దున్నే మరో ఊరు పోవాలి. అట్లా కొని ఉంటే ఎనమండుగురం కర్రలు భుజాన వేసుకొని కుక్కపిల్లల మధ్య నిలబడేవాళ్ళం.

ఇక యంత్రాన్ని అడగకుండా మైదానం కార్యాలయానికే జాబు రాశాను. చక్కని జవాబు వచ్చింది. ఆదివారం ఆట లేనిమాట నిజమే. పైగా మిగిలిన రోజుల్లో కూడా మన ఇష్టం వచ్చిన వేళకు ఆడతామంటే కుదరదు. చాలా వేళలకు చీట్లు వేస్తారు. ఏ రోజు ఆడాలనుకొంటామో దానికి రెండురోజుల ముందు పేర్లు ఇవ్వాలి. ఇద్దరికి తక్కువ కాకుండా, నలుగురికి మించకుండా ఒక జట్టు. చీటీ వస్తే ఆడతాం, రాకపోతే లేదు. ఆటగాడి స్థాయిని తెలిపే పత్రం కూడా ఉండాలి. దాన్ని హాండికాపు పత్రం అంటారు. యంత్రం దాని ఊసే ఎత్తలేదు. మా బ్యాంకివాళ్ళిద్దరికీ అది లేకపోతే ఆ నెలలోనే తెప్పించాం.

అనుమానం పట్టుకొన్న తరవాత ప్రతి మాటా తరచి చూశాం. మనుమరాలు భూపటం తెరిచి, సెయింట్ ఆండ్రూస్‌కు రైలుపట్టాలే లేవని కనిపెట్టింది. ఆ ఊరి రైలుమార్గాన్ని 1969లో మూసివేశారు. రైలు దిగవలసింది లూకర్స్ అనే స్టేషన్లో. అక్కడినుంచి బస్సులో ఎనిమిది కిలోమీటర్లు పోవాలి. ఖర్చుల పట్టికను అనకాపల్లి పంపిస్తే, మాస్టరు కూడికలో రెండు తప్పులు పట్టి, ఎర్రసిరాతో సున్నాలు చుట్టి తిప్పి పంపాడు.

తప్పులున్నాయని రాస్తే యంత్రం నొచ్చుకోలేదు. ఎంతో వినయంగా క్షమాపణ చెప్పుకొని కొత్త పథకం ఇచ్చింది. తప్పు చెప్పేటప్పుడు ఎంత ధీమాగా చెబుతుందో, ఒప్పు చెప్పేటప్పుడూ అంతే ధీమా. దాని గొంతునిబట్టి ఏది ఏదో పోల్చుకోలేం. ఇటువంటి యంత్రాల్లో కొన్ని అప్పటికప్పుడు వెతికి చూసి చెబుతాయట. మేము వాడినది ఆనాడు అట్లా చెయ్యలేదు. అయితే దాని మేలు కూడా చెప్పాలి. మేము సరిచూసిన సంగతులన్నీ ఇచ్చాక, రైలు వేళలూ భోజనం వేళలూ ఆట వేళలూ ఒకదానికొకటి తగలకుండా ఒక్క నిమిషంలో అమర్చింది. ఆ పని నాకు వారం పట్టింది, అప్పటికీ కుదరలేదు. జూన్‌లో అక్కడ రాత్రి పదిగంటలదాకా పొద్దు ఉంటుంది గనక సాయంత్రం నాలుగింటికి ఆట మొదలుపెట్టినా చీకటి పడేలోగా అయిపోతుందని అది చెప్పిందీ నిజమే. విశాఖపట్నం భూమధ్యరేఖకు పద్ధెనిమిది డిగ్రీల ఉత్తరాన ఉంటే, ఆ ఊరు యాభై ఆరు డిగ్రీల ఉత్తరాన ఉంది. జూన్‌లో భూమి ఉత్తరపు కొస సూర్యుడివైపు వాలి ఉంటుంది గదా? ఎంత ఉత్తరానికి పోతే పగలు అంత సాగుతుంది.

జూన్ నెలలో బయలుదేరాం. ప్రయాణం సంగతులన్నీ రాస్తే పత్రిక చాలదు. ఎడింబరో దాటగానే రైలు 1890లో కట్టిన ఫోర్త్ వంతెన మీదుగా పోతుంది. రెండున్నర కిలోమీటర్ల పొడుగున్న ఉక్కు వంతెన. మా ఇంజనీర్లం ముగ్గురం కిటికీలకు అతుక్కుపోయాం. బస దగ్గర గదుల తాళాలు ఇచ్చినప్పుడు ప్లీడరు, "ఒరేయ్, మళ్ళీ హాస్టల్లో పడ్డాంరా," అన్నాడు. ఆ రాత్రి పదింటికి కూడా వెలుతురుంటే, దీపం ఆర్పమని అనడానికి ఎవరికీ అవకాశం లేకపోయింది.

ఆడేవాళ్ళం ఏడుగురం గనక నలుగురొక జట్టు, ముగ్గురొక జట్టు అయ్యాం. ఎవరు ఏ జట్టో కూడా మేము చీట్లు వేసుకొనే తేల్చుకొన్నాం. బుధవారం నాడు శుక్రవారానికి పేర్లిచ్చాం, ఎవరికీ రాలేదు. గురువారం నాడు శనివారానికి ఇచ్చాం. నలుగురి జట్టుకు వచ్చింది, ముగ్గురి జట్టుకు రాలేదు. నేను ముగ్గురిలోవాణ్ణి. నిజం చెప్పొద్దూ, కాసేపు మొహం చిన్నబోయింది. అంతదూరం పోయి, ఓల్డ్ కోర్సులో ఒక్క దెబ్బ కూడా కొట్టకుండా రావడం! పక్కనే ఉన్న న్యూ కోర్సులో ఆడాను. న్యూ అంటే కొత్తది అనుకొనేరు, 1895 నాటిది. అక్కడ వాళ్ళకు అది కొత్తదే.

హిమాలయాల మీద ఒక పూట అందరం ఆడాం. మాస్టరు కూడా ఆడాడు. అక్కడ కావలసింది బలం కాదు, ఏ వాలున బంతి ఎటు తిరుగుతుందో పోల్చుకోవడం. వాడు కర్రమీద ఆనుకొని, ఒక కన్ను మూసి, బంతిని ఊరికే అట్లా తాకించేవాడు. అది గుట్టెక్కి దిగి, వంకర తిరిగి, గుంట ఎక్కడుందో తనకే తెలిసినట్టు వెళ్ళి పడేది. మా ఏడుగురినీ ఓడించాడు. "నేను హిమాలయాలు ఎక్కానని అనకాపల్లిలో చెబితే అబద్ధమెట్లా అవుతుందిరా?" అన్నాడు.

ఆదివారం వచ్చింది. పది గంటలకు మైదానానికి వెళ్ళాం. యంత్రం రెండోసారి చెప్పినమాట నిజం. ఒక్కడంటే ఒక్క ఆటగాడు లేడు. ముసలివాళ్ళు, చంటిపిల్లల బళ్ళు తోసుకొంటూ తల్లులు, కుక్కలు. ప్రపంచంలోని గొప్ప ఆటగాళ్ళు పోటీపడే పచ్చికబయలు మీద పిల్లలు పిల్లిమొగ్గలు వేస్తున్నారు. డాక్టరు ఒక మడత పీట పట్టుకొన్నాడు. మేము యాభై అడుగులు నడవడం, మాస్టరు పీటమీద కూచోవడం, మళ్ళీ లేవడం. వాగు మీద స్విల్కన్ అనే చిన్న రాతివంతెన ఉంది. దానిమీద కాసేపు ఆగాం. వెళ్ళేసరికి గంట పట్టింది. ఆ దూరం మామూలు మనిషి పది నిమిషాల్లో నడుస్తాడు. ఎవరమూ గడియారం చూడలేదు.

రెండో గుంట, పదహారో గుంట ఉన్న పచ్చిక అంచున మాస్టరు నిలబడ్డాడు. ఎంత పెద్దదనుకొన్నారు! ఆ చివర మనిషి ఈ చివరికి చిన్నగా కనిపిస్తాడు. ప్లీడరును అంచువెంట నడిపించి అవతలికొస దగ్గర నిలబెట్టాడు. తను ఇవతలికొసన నిలబడ్డాడు. "నువ్వు పదహారు, నేను రెండు!" అని కేకవేశాడు. ప్లీడరు వినపడక, "ఏమిటీ?" అని కేకవేశాడు. వాడు కర్ర పైకెత్తి నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వు నేను కాకినాడలో విన్నదే.

అప్పుడు నేను మనుమరాలికి టెలిఫోను చేశాను. ఆ దేశం గడియారం వేసవిలో మనకన్నా నాలుగున్నర గంటలు వెనక ఉంటుంది గనక విశాఖపట్నంలో మధ్యాహ్నం నాలుగు కావస్తోంది. టెలిఫోనులో దానికి పచ్చికంతా చూపించాను. మాస్టరు టెలిఫోను లాక్కొని, "అయిదో గుంటకు జత ఏదమ్మా?" అన్నాడు.

"పదమూడు, మాస్టారు తాతయ్యా!"

"ఎనిమిదికి?"

"పది!"

"ఒకటికి?"

"పదిహేడు!"

"తప్పు. ఒకటికీ పదిహేడుకూ వేరువేరు పచ్చికలున్నాయి. ఇక్కడినుంచి నాకు కనిపిస్తున్నాయి."

అది కాసేపు ఆలోచించింది. "పద్ధెనిమిదికి జత సున్నా. సున్నా నంబరు గుంట ఉండదు. తొమ్మిదికి తొమ్మిదే జత, అదీ ఒంటరిదే. మరి ఒకటికీ పదిహేడుకూ ఏమొచ్చింది?" అంది.

"అదే నేనూ నలభై అయిదేళ్ళుగా అనుకొంటున్నాను."

"యంత్రాన్ని అడగనా?"

"అడుగు," అన్నాడు మాస్టరు, పీటమీద సర్దుకొని కూచుంటూ. "అది ఏం చెబుతుందో నాకు చెప్పు. నేనిక్కడే ఉన్నాను, సరిచూస్తాను."